పెదవి మెరవాలి... మూతి కాదు!

నేను మొదటిసారి లిప్‌గ్లాస్ రాసుకున్నది ఇంజినీరింగ్ సెకండియర్‌లో, ఫ్రెషర్స్ పార్టీ రోజు. అది నాది కూడా కాదు, హాస్టల్లో రూమ్మేట్‌ది. ఎంత రాయాలో తెలీదు, ఎక్కడ ఆపాలో తెలీదు. గోడకి సున్నం వేసినట్టు రెండు కోటింగులు వేసేసి ఫొటోలు దిగాను. రాత్రికి అవి చూసి అమ్మ ఫోన్ చేసింది. "అందరూ బానే ఉన్నారు గానీ, నీ మూతికి ఆ నూనేంటే? మిరపకాయ బజ్జీలు తిని కడుక్కోకుండా దిగావా?"

ఆ తర్వాత చాలాకాలం దాని జోలికి పోలేదు. ఉద్యోగంలో చేరాక, వీడియో మీటింగుల్లో నా మొహం నాకే రోజుకి నాలుగు గంటలు కనపడటం మొదలయ్యాక మళ్లీ కొనుక్కున్నాను. లిప్‌స్టిక్ అయితే అద్దం కావాలి, కుదురు కావాలి, చెయ్యి జరిగితే మళ్లీ మొదటినుంచీ తుడుచుకోవాలి. గ్లాస్‌తో ఆ బాధ లేదు. క్యాబ్ దిగేలోపు పని అయిపోతుంది. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది. దీని గురించి నాకు తెలియనిదేమీ లేదనే అనుకున్నాను, మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్లేదాకా.

అందుకే ఈ వారం ఆఫీసు గోల పక్కనపెట్టి, పెదవుల కథ చెప్పుకుందాం.

అమ్మ అడిగిన ప్రశ్న

మాఘంలో తమ్ముడి పెళ్లి. పండక్కి వెళ్లేసరికి ఇల్లంతా చీరల కవర్లు, శుభలేఖల కట్టలు. రాత్రి అందరూ పడుకున్నాక నేనూ అమ్మా ఉతికిన బట్టలు మడతపెడుతున్నాం. ఉన్నట్టుండి అడిగింది. "నువ్వు మీటింగులప్పుడు రాసుకుంటావే, రంగు ఉండనిది... అది నాలాంటి వాళ్లు రాసుకోవచ్చా?"

"నీలాంటి వాళ్లంటే?" అన్నాను.

జవాబు చెప్పలేదు. ఇంకో తువ్వాలు తీసుకుని మడతపెట్టింది.

నాన్న పోయి నాలుగేళ్లు. అమ్మకిప్పుడు యాభై ఆరు. గవర్నమెంటు స్కూల్లో టీచరు. నాన్న ఉన్నప్పుడు రోజూ స్కూలుకి లేత ఇటుకరంగు లిప్‌స్టిక్ కాస్త వేసుకునేది. ఆయన పోయాక స్కూలు మానలేదు, చిన్న మెరూన్ స్టిక్కరు మానలేదు. ఆ లిప్‌స్టిక్ మాత్రం సొరుగులోకి వెళ్లిపోయింది. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు, వేసుకోమనీ ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లలో నేను కూడా అడగలేదు. అది తలుచుకుంటే నాకే సిగ్గేసింది.

రంగు లేనిదైతే ఎవరూ ఏమీ అనరు కదా అన్నది అమ్మ లెక్క. నిజానికి గ్లాస్ పుట్టుక కూడా దాదాపు అలాంటిదే. 1930లలో హాలీవుడ్‌లో మాక్స్ ఫ్యాక్టర్ సినిమా తారల పెదవులకి మెరుపు తెప్పించే పనిలో ఉండేవాడు. అప్పట్లో ఎక్కువగా నలుపు తెలుపు సినిమాలే. తెరమీద ఎరుపు ఎరుపుగా కనపడదు, మెరుపు మాత్రం మెరుపుగానే కనపడుతుంది. ఎనభై తొంభై ఏళ్ల తర్వాత మా అమ్మకి కూడా కావాల్సింది అదే.

"ఎందుక్కాదు, ఇప్పుడే చూద్దాం రా" అని నా హ్యాండ్‌బ్యాగులోంచి గ్లాస్ తీసి, నాకు ఎలా రాసుకుంటానో అలాగే అమ్మకి రాసేశాను. అందులో ఎన్ని తప్పులున్నాయో ఇప్పుడు చెబుతాను.

పది నిమిషాల్లో ఫెయిల్

రాయగానే బ్రహ్మాండంగా ఉంది. అమ్మ అద్దంలో చూసుకుని నవ్వు ఆపుకుంది కూడా. పది నిమిషాలయ్యాక చూస్తే, పై పెదవి మీదున్న సన్నటి నిలువు గీతల్లోకి గ్లాస్ పాకిపోయి, లేని గీతలు కూడా ఉన్నట్టు కనపడుతున్నాయి. పెదవి మధ్యలో మెరుపు లేదు, మూతి చుట్టూ ఉంది. చీర కొంగుతో తుడిచేసుకుంది. "వద్దులేవే. ఇది మీ కుర్రకారు సరుకు. నాకెందుకు ఇప్పుడు?"

నాకు కోపమొచ్చింది. అమ్మ మీద కాదు, నా మీద. మా ఆఫీసులో ఓ నియమం ఉంది. ఏదైనా పనిచెయ్యకపోతే వాడినవాళ్లని అనకూడదు, ఎందుకు పనిచెయ్యలేదో వెతకాలి. ఇక్కడ అమ్మ వయసుని తప్పుపట్టి చేతులు దులుపుకోవడం తేలిక. కానీ తప్పు వయసుది కాదు, రాసిన పద్ధతిది. ఇరవై ఎనిమిదేళ్ల పెదవికి రాసినట్టు యాభై ఆరేళ్ల పెదవికి రాశాను. ఆ రాత్రి నేను కూర్చుని వెతికింది, ఆ తర్వాత రెండు వారాలు అమ్మ మీదా నా మీదా వేసి చూసింది, అంతా ఇదిగో.

పెదవి ఎందుకు అంత గారం?

మొహం మీద చర్మానికీ పెదవి చర్మానికీ చాలా తేడా ఉంది. పెదవి మీద పైపొర చాలా పల్చన. కిందున్న రక్తనాళాల ఎరుపు పైకి కనపడేది అందుకే. అక్కడ చెమట గ్రంథులు ఉండవు, చర్మాన్ని మెత్తగా ఉంచే నూనె గ్రంథులు దాదాపు ఉండవు. అంటే తనని తాను కాపాడుకునే సరంజామా పెదవికి లేదు. చలిగాలి తగిలినా, ఏసీలో కూర్చున్నా మొదట ఎండేది అదే. ఎండింది కదా అని నాలుకతో తడుపుతాం. ఆ తడి ఆరుతూ ఉన్న కాస్త తేమనీ పట్టుకుపోతుంది. తడిపినకొద్దీ ఎండుతుంది.

వయసు పెరిగేకొద్దీ చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ తగ్గుతుంది. పెదవి పల్చబడుతుంది, చుట్టూ సన్నగీతలు పడతాయి, పెదవికీ చర్మానికీ మధ్య ఉండే అంచు చెదురుతుంది. నెలసరి ఆగాక పొడిదనం ఇంకాస్త ఎక్కువవుతుంది. ఇదేం జబ్బు కాదు. జుట్టు నెరిసినట్టే ఇదీనూ.

ఇప్పుడు గ్లాస్ సంగతి. అది లిప్‌స్టిక్‌లా గట్టిపడి కూర్చునే సరుకు కాదు. రాశాక కూడా కదులుతూనే ఉంటుంది. దీపంలో నూనె వత్తి పట్టుకుని పైకి ఎక్కుతుంది చూశారా, సరిగ్గా అలాగే పల్చటి గ్లాస్ సన్నటి గీతలు పట్టుకుని పాకుతుంది. వేడికి ఇంకా పల్చబడి ఇంకా తొందరగా పాకుతుంది. పదిహేనేళ్ల పిల్లకి గీతలు లేవు కాబట్టి పాకడానికి దారి లేదు. అమ్మకి దారులున్నాయి. అంతే తేడా.

పాకే నీళ్లకి ఏం చేస్తాం? గట్టు వేస్తాం. తెనాలి వాళ్లకి ఇది నేను వేరే చెప్పక్కర్లేదు.

రాసే పద్ధతి

మొదటి పని ముందురోజు రాత్రే మొదలవ్వాలి. పడుకునే ముందు లిప్‌బామ్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాసుకోండి. మా అమ్మమ్మ అయితే పేరిన నెయ్యి వేలికి తీసుకుని రాసుకుంటుంది. అదీ మంచిదే. తెల్లారి పొట్టు లేచి ఉంటే గోళ్లతో పీకొద్దు, పంచదార పెట్టి బరబరా రుద్దొద్దు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డని ఒక నిమిషం పెదవుల మీద ఉంచి, మెల్లగా అద్దండి. రావాల్సింది అదే వస్తుంది. రానిది రాకపోతే పోనివ్వండి.

రెండోది, గ్లాస్‌కి పది నిమిషాల ముందు పల్చగా లిప్‌బామ్. పగలు బయటికెళ్లేవాళ్లయితే ఎస్‌పీఎఫ్ ఉన్నది తీసుకోండి. చాలా గ్లాసుల్లో ఎండ నుంచి కాపాడేది ఏమీ ఉండదు. పది నిమిషాలయ్యాక టిష్యూతో ఒకసారి ఒత్తి మిగిలిన జిడ్డు తీసెయ్యాలి. అమ్మకి మొదటిసారి రాసినప్పుడు బామే పెట్టలేదు. రెండోసారి బామ్ పెట్టి ఒత్తలేదు. జిడ్డు మీద గ్లాస్ వేస్తే బురదలో చెప్పులేసుకుని నడిచినట్టే, జర్రున జారుతుంది.

మూడోది గట్టు. లిప్ లైనర్ పెన్సిలు మైనంతో చేసింది కాబట్టి గ్లాస్ దాన్ని అంత తేలిగ్గా దాటలేదు. రంగు మాత్రం మీ పెదవి రంగే ఉండాలి. కొనేటప్పుడు చేతి మీద గీసి చూడకండి, పెదవి పక్కన పెట్టి చూడండి. అంచు వెంట ఒకటే గీత బరబరా లాగకుండా చిన్నచిన్న గీతలుగా కలుపుకుంటూ వెళ్లి, వేలితో లోపలి వైపుకి చెరిపెయ్యాలి. లైనర్ వేసినట్టు తెలిసిందంటే ఎక్కువైనట్టు. నలభై దాటిన వాళ్లకి ఇది తప్పనిసరి. ఇరవైల్లో ఉన్నవాళ్లు మానేసినా నష్టం లేదు.

నాలుగోది అసలు పని. కుంచెని ట్యూబు మూతి దగ్గర ఒత్తి, ఎక్కువైనది లోపలే వదిలెయ్యండి. కింది పెదవి నడిమధ్యన ఒక్క చుక్క. అక్కణ్నించి వేలికొసతో రెండు వైపులకీ అద్దుకుంటూ వెళ్లాలి. అద్దాలి, రుద్దకూడదు. అంచుకి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోవాలి. పై పెదవికి వేరే చుక్క అక్కర్లేదు. రెండు పెదవులూ ఒకసారి మెల్లగా కలిపితే సరిపోయేంత అంటుకుంటుంది. మూలలకి అసలు వద్దు.

మధ్యలోనే ఎందుకంటే, కింది పెదవిలో బాగా ఉబ్బెత్తుగా ఉండేది అక్కడే. వెలుగు పడితే మొదట మెరిసేది అక్కడే. ఆ ఒక్క మెరుపు చాలు, పెదవి మొత్తం నిండుగా కనపడుతుంది. అంతటా పులిమితే అంతటా మెరిసి, బజ్జీలు తిన్న మూతి అవుతుంది. మా అమ్మ పదేళ్ల కిందట ఫోన్‌లో చెప్పింది ఇదే, నాకే అర్థం కాలేదు.

ఏ పాకం కావాలి?

గ్లాసులన్నీ ఒకటి కాదు. షాపులో అడగడానికి ఇంగ్లిష్ మాటలేం అక్కర్లేదు, వంటింటి లెక్క చాలు. కొన్ని లేత పాకంలా జారుతుంటాయి. కొన్ని ముదురు పాకంలా బంక బంకగా ఉంటాయి. జారేవి గీతల్లోకి పాకుతాయి. బంకవి కదలవు గానీ, ఎండిన పెదవిని పట్టి లాగుతాయి, గాలొస్తే జుట్టంతా వచ్చి అతుక్కుంటుంది. వేలికీ వేలికీ మధ్య పెట్టి తీస్తే చిన్న తీగ సాగి తెగిపోయేది ఎవరికైనా మంచిది.

తళుకులున్న గ్లాసుల్లో మెరిసేది చాలావరకు అభ్రకం పొడి. మన గూడూరు వైపు గనుల్లో దొరికేదే. పొడి బాగా మెత్తగా ఉంటే ముత్యంలా అందంగా ఉంటుంది. పలుకు పెద్దదైతే మాత్రం గీతల్లో కూర్చుని, ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టి చూపిస్తుంది. యాభై దాటాక తళుకు లేనివే మేలు.

రంగు సంగతికొస్తే, మన పెదవులు చాలామందివి గోధుమరంగో, ఊదారంగు కలిసినవో ఉంటాయి. నల్లపెదవులకి గ్లాస్ నప్పదని కాలేజీలో ఎవరో అంటే నేనూ నమ్మాను. అది ఉత్తమాట. వాన పడ్డాక ఎర్రమట్టి ఇంకా ఎర్రగా కనపడుతుంది కదా. రంగులేని గ్లాస్ కూడా పెదవికి ఉన్న రంగునే నిండుగా చూపిస్తుంది. నప్పనివి పాలు కలిపినట్టుండే లేత గులాబీలు. అవి మన రంగు మీద బూడిద పూసినట్టుంటాయి. ఇటుక, నేరేడు, ముదురు గులాబీ ఛాయలు నిర్భయంగా తీసుకోండి.

పెదవి ఉబ్బినట్టు కనపడుతుందని చెప్పి అమ్మే గ్లాసులున్నాయి. చాలావాటిలో మెంథాలో, మిరపకాయ ఘాటో ఉంటుంది. చుర్రుమనడం వల్ల కాసేపు రక్తం ఎక్కువ చేరి ఉబ్బుతుంది, అంతే. ఎండి పగిలిన పెదవికి అది పుండు మీద కారం. పిల్లలకీ పెద్దవాళ్లకీ అసలే వద్దు.

ఇంకో మాట. అమ్మ ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదివి "క్యాస్టర్ ఆయిలంటే ఆముదమేగా?" అంది. అవును, చాలా లిప్‌స్టిక్కుల్లో, గ్లాసుల్లో ఆముదం ఉంటుంది. "చిన్నప్పుడు ముక్కు మూసి తాగించేవాళ్లు. ఇప్పుడు డబ్బులిచ్చి మూతికి రాసుకోవాలా!" అని నిజంగానే ఆముదం తాగిన మొహం పెట్టింది.

ఇంట్లో నాలుగు వయసులు

పెళ్లికి వారం ముందే మా అక్క కూతురు దిగింది. దానికి పదిహేను. దాని బ్యాగులో నాలుగు గ్లాసులు, నాలుగూ పండ్ల వాసనవే. స్ట్రాబెర్రీ వాసనుంటే నాకాలనిపిస్తుంది, నాకితే ఎండుతుంది, ఎండితే మళ్లీ రాస్తుంది. ఆ వయసుకి వాసన లేని లిప్‌బామో, మహా అయితే కొంచెం రంగున్న బామో చాలు. "పిన్నీ, మా ఫ్రెండ్స్ అందరం ఒకళ్లది ఒకళ్లం వాడుకుంటాం తెలుసా" అంది గొప్పగా. అదే వద్దన్నాను. జ్వరప్పొక్కులు అంటాం కదా, ఆ వైరస్ ఒకరి మూతి నుంచి ఇంకొకరికి తేలిగ్గా వెళ్లిపోతుంది. కుంచె పెదవికి తగిలి మళ్లీ ట్యూబులోకే వెళుతుంది. నా గ్లాస్ అమ్మకి రాయడం నేను చేసిన మొదటి తప్పు అని చెప్పానా? ఇప్పుడు చెబుతున్నాను. ఎవరిదైనా ఒకరికి ఇవ్వాల్సి వస్తే శుభ్రమైన ఇయర్‌బడ్‌తో తీసి ఇవ్వండి.

నా వయసు వాళ్లకి కష్టం ఏసీ ఆఫీసుతో. పొద్దున రాసిందాని మీద మధ్యాహ్నం, దాని మీద సాయంత్రం వేస్తూ పోతాం. అన్నం తిన్నాక పాతది పూర్తిగా తుడిచి, బామ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు నిమిషాల పని. మ్యాట్ లిప్‌స్టిక్ వేసుకునేవాళ్లు మధ్యలో ఒక్క చుక్క గ్లాస్ అద్దితే ఎండినట్టు కనపడదు.

అమ్మ వయసుకి గట్టూ, తక్కువ మోతాదూ. ఇంతకుముందు చెప్పిందే.

మా అమ్మమ్మకి డెబ్బై తొమ్మిది. ఆవిడ వయసులో పెదవుల ఎరుపంటే తాంబూలమే. ఆకూ వక్కా సున్నం కలిసి నోరు పండితే అదే అలంకారం. వక్క నోటికి మంచిది కాదని డాక్టరు గట్టిగా చెప్పాక మానేసింది గానీ, అద్దంలో చూసుకున్నప్పుడు "తెల్లమూతి" అని ఇప్పటికీ విసుక్కుంటుంది. ఈ వయసువాళ్లకి చెయ్యి వణుకుతుంది కాబట్టి కుంచె కంటే వేలు నయం. లైనర్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. మెత్తటి లిప్‌బామ్ మీద వేలికొసంత రంగు గ్లాస్ అద్దితే చాలు. పళ్లసెట్టు ఉన్నవాళ్లు నోటి మూలల్లో పగుళ్లున్నాయేమో చూసుకోవాలి. అక్కడ పదేపదే పగులుతుంటే పళ్లసెట్టు సరిగ్గా లేకపోవచ్చు, ఫంగస్ కావచ్చు, ఇనుమో బి విటమినో తక్కువై ఉండొచ్చు. దాని మీద గ్లాస్ రాసి దాచొద్దు. ఏ వయసులోనైనా పెదవి మీద పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే డాక్టరుకి చూపించాల్సిందే.

కొత్త గ్లాస్ కొన్నప్పుడు మోచేతి లోపలి వైపు కాస్త రాసి రెండు రోజులు చూడండి. దురదగానీ దద్దుగానీ వస్తే పెదవి దాకా తీసుకెళ్లొద్దు. సువాసన కోసం కలిపేవి, ఆముదం, లానొలిన్ కూడా కొందరికి పడవు. ట్యూబు వెనక మూత తీసిన డబ్బా బొమ్మ, అందులో 6 అనో 12 అనో అంకె ఉంటుంది. మూత తీశాక అన్ని నెలలే వాడాలని అర్థం.

ఆ బొమ్మ చూపించగానే అమ్మ లేచి వెళ్లి సొరుగులోంచి ఆ ఇటుకరంగు లిప్‌స్టిక్ తెచ్చింది. మూత తీస్తే మక్కిన నూనె వాసన. అది నాన్న విజయవాడ నుంచి తెచ్చిందట. నాకప్పటిదాకా తెలీదు. "పారెయ్యమంటావా?" అంది. పెదవికి పెట్టుకోకు, పారెయ్యకు అన్నాను. మళ్లీ సొరుగులోనే పెట్టింది. ఎక్స్‌పైరీ డేట్ పెదవికే, సొరుక్కి కాదు.

పెళ్లి రోజు

ముహూర్తం తెల్లవారుజామున. మాఘమాసపు చలి. మా వైపు ఆనవాయితీ ప్రకారం పీటల మీద బాబాయి, పిన్ని కూర్చున్నారు. అమ్మ వెనక వరసలో కూర్చుంటానంటే తమ్ముడు ఒప్పుకోలేదు. పంతులుగారు కూడా "తల్లి పక్కన కూర్చుంటే శాస్త్రానికొచ్చిన నష్టమేమీ లేదమ్మా, రండి" అన్నారు. కుర్చీ ముందుకి జరిగింది.

మూడున్నరకి నేను చీర కుచ్చిళ్లతో కుస్తీ పడుతుంటే, అమ్మ అద్దం ముందు తనే కూర్చుని చేసుకుంటోంది. నేను సాయం చెయ్యలేదు, చూశానంతే. బామ్ పెట్టి పది నిమిషాలు సన్నజాజుల దండ సర్దింది. టిష్యూతో ఒత్తింది. చిన్నచిన్న గీతలతో అంచు. చివర కింది పెదవి మధ్యలో ఒక్క చుక్క. ఉంగరం వేలితో అద్దింది. ఆ తర్వాత కాసేపు అద్దంలో అలా చూసుకుంటూ ఉండిపోయింది. నేను కుచ్చిళ్ల వైపు తిరిగిపోయాను.

చెప్పడం మర్చిపోయాను. అందరికీ నీతులు చెప్పి, ఫొటోలున్నాయి కదా అని నేను మాత్రం రెండు పూతలు వేసుకున్నాను. తలంబ్రాలప్పుడు ఎగిరొచ్చిన బియ్యం గింజలు నాలుగు నా పెదవులకి అతుక్కుపోయాయి. వీడియోలో ఉన్నాయి. మా ఇంట్లో ఇప్పటికి పదిసార్లు వేసుకుని చూశారు.

అమ్మ పెదవులు హోమం పొగలో, అన్ని గంటల పలకరింపుల్లో కూడా అలాగే ఉన్నాయి. గీతల్లోకి పాకలేదు. ఆమెకి ఏదో రాసుకున్నట్టు కాదు, బాగా నిద్రపోయి లేచినట్టు ఉంది. అమ్మమ్మ చూసి "నాకూ కాస్త రాయవే" అంటే అక్క కూతురు ఇయర్‌బడ్‌తో తీసి, వేలితో అద్దింది. ఎవరి దగ్గర నేర్చుకుందో మరి!

టిఫిన్ల దగ్గర మా పెద్దమ్మ, అంటే అమ్మకి పెద్ద తోటికోడలు, ఇడ్లీ ప్లేటు పట్టుకుని వచ్చి అమ్మ మొహంలోకి తేరిపార చూసింది. ఇంతకాలం అమ్మ భయపడింది ఆ చూపుకే. నా గుండె గొంతులోకొచ్చింది.

"ఏమ్మా, ఏం రాసుకున్నావు మూతికి?"

అమ్మ తడుముకోలేదు. "ఆముదం అక్కా."

పెద్దమ్మ ఇంకాస్త దగ్గరగా చూసింది. ఇడ్లీ ముక్క తుంచి చట్నీలో ముంచింది. నోట్లో పెట్టుకోకుండా ఆగింది.

"ఏ కొట్లో దొరుకుతుందే అది?"

సాయంత్రం రిసెప్షన్‌కి కొత్త ట్యూబు ఒకటి, పెదవి రంగు లైనరు ఒకటి తెప్పించాను. పెద్దమ్మకి రాసింది నేను కాదు, అమ్మ. "అద్దాలి అక్కా, రుద్దకూడదు" అని చెబుతుంటే పక్క గదిలోంచి విన్నాను.